పలక పట్టకముందే ప్రబంధమా?



ఛందస్సు గురించో, పదాల పుట్టుక గురించో రాసుకునే ఈ పుటలో తుపాకీ మాట వినబడితే మీలో కొందరు ఉలిక్కిపడవచ్చు. మాస్టారికి మతి చలించిందేమో అనుకోవచ్చు కూడా. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి ఇంటిపట్టున కూర్చున్న తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకంటే, కారణం ఉంది. నేనూ మా ఆవిడా ఆరు నెలలు టెక్సాసులో మా అబ్బాయి ఇంట ఉండి వచ్చాము. అక్కడి మనవాళ్ళ విందుల్లో ఇళ్ళ ధరలు, పిల్లల చదువులు, గ్రీన్‌కార్డులు అయిపోయాక నేను తరచుగా విన్న చర్చ ఒకటుంది: మొదటిసారి కొనేవాడు ఏ పిస్తోలు కొనాలి? ఆ చర్చలో ప్రతివాడూ గురువే. శిష్యుడు ఒక్కడూ కనబడలేదు. అది చూసి నాకు భయం వేసింది. ఆ భయమే ఈ టపా.

ఈ విషయంలో నోరెత్తే అర్హత నాకు బొత్తిగా లేదనుకోకండి. కొలువులో చేరిన కొత్తలో, పెళ్ళికాని కుర్రవాణ్ణి కనుక పరుగెత్తగలనని మా ప్రధానోపాధ్యాయులవారు బడిలోని ఎన్.సి.సి. బాధ్యత నా నెత్తిన పెట్టారు. నాగపూరు దగ్గర కాంప్టీలో శిక్షణ పొంది వచ్చి, పదేళ్ళకు పైగా పిల్లల చేత కవాతు చేయించాను. ఏటా శిబిరంలో 'పాయింట్ టూటూ' రైఫిలుతో గురి నేర్పే రోజు వచ్చేది. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు. పల్టను నుంచి వచ్చిన హవల్దారు మొదటిరోజు వాళ్ళకు ఒక్క తూటా కూడా ఇచ్చేవాడు కాదు. ఖాళీ తుపాకీ చేతికిచ్చి, బోర్లా పడుకోబెట్టి, ఊపిరి ఎలా నిలపాలో, ట్రిగ్గరు ఎలా నొక్కాలో, అన్నిటికన్నా ముందు గొట్టం మూతి ఎటు ఉండాలో చెప్పేవాడు. మూతి పక్కకు తిరిగిందా, వీపు మీద చరుపు పడేది. రెండోరోజు లెక్కపెట్టి ఐదు తూటాలు. పేలాక ఐదు డొల్లలూ, అతడి భాషలో 'ఖోకాలు', లెక్క అప్పజెప్పి లేవాలి. అది చూసిన కళ్ళతో డాలస్ వెళ్ళాను.

డాలస్ ఉత్తరపు శివార్లలో ఒక శనివారం రాత్రి విందు. ఇంటాయన మా అబ్బాయికి సహోద్యోగి, గుంటూరు వైపువాడు, యోగ్యుడు. భోజనాలయ్యాక లోపలికి వెళ్ళి, కొత్తగా కొన్న నైన్ ఎం.ఎం. పిస్తోలు తెచ్చాడు. పిడిలో ఉన్న మేగజైను లాగి పక్కన పెట్టి, "చూడండి మాస్టారూ, ఖాళీయే" అంటూ నాకు అందించబోయాడు. అందించేటప్పుడు దాని మూతి సోఫాలో కూర్చున్న మా కోడలి మీదుగా, ఆమె ఒడిలో ఉన్న మా మనవడి మీదుగా తిరిగింది. నేను దాన్ని తీసుకుని మూతి ఎవరూ లేని మూలకు తిప్పి, "ఈ పైభాగాన్ని వెనక్కు ఎలా లాగాలి నాయనా?" అని అడిగాను. చెప్పాడు. లాగాను. లోపలినుంచి ఒక తూటా ఎగిరి తివాచీ మీద పడింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా మనవడు ఒడి దిగి దాన్ని అందుకోబోతే వాళ్ళమ్మ చెయ్యి పట్టి ఆపింది.

మేగజైను తీసేస్తే ఇక కొత్త తూటా పైకి రాదు. అంతవరకు నిజమే. కాని గొట్టంలోకి అప్పటికే ఎక్కి కూర్చున్న తూటా ఎక్కడికీ పోదు. మేగజైను లేకపోయినా చాలా పిస్తోళ్ళు పేలుతాయి. అంతేకాదు, బాగా చలామణీలో ఉన్న కొన్ని రకాలను శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గరు నొక్కవలసే ఉంటుంది. ఖాళీ అని నమ్మి నొక్కినవాడి గతి ఏమిటో వేరే చెప్పాలా? 2024 నవంబరులో అట్లాంటాలో మన హైదరాబాదు కుర్రవాడొకడు తన పుట్టినరోజు నాడే, తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా తూటా తగిలి పోయాడని పత్రికల్లో చదివాము. ఇరవై మూడేళ్ళవాడు. ఆ విందు ఇచ్చిన యోగ్యుడికి తన పిస్తోలు బరువెంతో, అందులో ఎన్ని తూటాలు పడతాయో, ఏ దేశపు పోలీసులు దాన్ని వాడతారో కంఠతా వచ్చు. పది నిమిషాల ఈ మొదటి పాఠం మాత్రం రాదు. ఆ మరుసటి శనివారమే మా అబ్బాయి అదే రకం కొనడానికి అదే దుకాణానికి వెళ్ళబోతున్నాడు!

వాళ్ళ భయాన్ని నేను ఎగతాళి చేయడం లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేథలో, పని ముగించుకుని కబుర్లు చెప్పుకుంటున్న ఇద్దరు మన ఇంజనీర్లను ఒకడు కాల్చాడు. ఒకరు పోయారు, ఒకరు గాయపడ్డారు. అడ్డుపోయిన అమెరికను కూడా గాయపడ్డాడు. 2023 మే 6న మా అబ్బాయి ఇంటికి ఎంతో దూరం లేని ఆలెన్ ఊళ్ళోని అంగళ్ళ సముదాయంలో ఎనిమిదిమంది హతులయ్యారు. వారిలో మన తెలుగు ఆడపిల్ల ఒకతె. ఇవన్నీ విన్నవాడికి రాత్రిపూట వీధి తలుపు వంక చూడాలనిపిస్తే తప్పు పట్టను. ఇక్కడ వరండాలో పడక్కుర్చీ వేసుకుని "ఛీ, తుపాకీ ఏమిటి" అని ముక్కుమీద వేలేసుకునే పెద్దలతో కూడా నాకు పేచీయే. ఛీ అన్నంత మాత్రాన అబ్బాయి కొనడం మానడు, మనతో చెప్పడం మానేస్తాడు.

నా పేచీ ముఖ్యంగా సలహాదారులతో. ఆరు నెలల్లో విన్న సలహాలన్నీ కలిపి మూడు మతాలుగా తేలాయి.

మొదటిది శక్తి మతం. "కొంటే పెద్దదే కొను, చిన్నది పిట్టలకు." ఈ మతస్థులు గుండు బరువు చెప్పి మురిసిపోతారు. లెక్క నేనూ చెప్పగలను. పాయింట్ టూటూ గుండు ఇంచుమించు రెండున్నర గ్రాములు. నైన్ ఎం.ఎం. గుండు సాధారణంగా ఏడున్నర గ్రాములు. పాయింట్ ఫార్టీఫైవ్ గుండు పదిహేను గ్రాముల దాకా ఉంటుంది. గుండు బరువూ వేగమూ పెరిగితే చేతికి తగిలే తన్నూ పెరుగుతుంది. కొత్తవాడు రెండు తూటాలు పేల్చేసరికి శరీరం ఆ తన్నును గుర్తు పెట్టుకుంటుంది. మూడో తూటాకు, పేలకముందే మణికట్టు కిందికి కుంగుతుంది, కళ్ళు మూసుకుంటాయి. ఆ ఉలుకు ఒకసారి పట్టిందంటే వదిలించడం మహా కష్టం. తెలుసుకునే ఉపాయం ఒకటుంది. శిక్షకుడు శిష్యుడికి చెప్పకుండా మేగజైనులో మధ్యమధ్య మందులేని ఉత్తుత్తి తూటా పెడతాడు. అది వచ్చినప్పుడు పేలుడూ లేదు, తన్నూ లేదు. కాని పిస్తోలు మూతి జానెడు కిందికి దిగుతుంది. అక్కడున్నవాళ్ళంతా చూస్తారు. శక్తిమతస్థుల్లో ఎంతమంది ఈ పరీక్షకు నిలుస్తారో చూడాలని నా కోరిక.

రెండోది సౌకుమార్య మతం. ఆడవాళ్ళకు, కొత్తవాళ్ళకు చిన్నది ఇవ్వాలట. చేతిసంచిలో పట్టేది, వీలైతే గులాబిరంగుది. మా కోడలు అబ్బాయితో ఒక దుకాణానికి వెళ్తే అక్కడివాడు ఆమె ముఖం కూడా సరిగా చూడకుండా ఐదు తూటాల బుల్లి రివాల్వరు బల్లమీద పెట్టాడు. తూకం నాలుగువందల గ్రాములకు అటూఇటూ. దుకాణం వెనకే ఉన్న గురిశాలలో దాన్ని పేల్చి చూసింది. రెండో తూటాకు బొటనవేలి మొదట చర్మం కమిలింది. దాన్ని బల్లమీద పెట్టి, "మావయ్యగారూ, ఇది నా వల్ల కాదు. నాకు బలం లేదు" అంది ఇంటికి వచ్చాక.

లోపం ఆమె బలంలో లేదు. తుపాకీ తేలికైనకొద్దీ తన్ను చేతికి ఎక్కువ తెలుస్తుంది. బరువైనది ఆ తన్నులో కొంత తానే మింగుతుంది. పిడి చిన్నదైతే వేళ్ళన్నీ పట్టవు. గొట్టం పొట్టిదైతే ముందు గురికీ వెనుక గురికీ నడుమ ఎడం తగ్గుతుంది, అప్పుడు కంటికి ఆనని పొరపాటు కూడా లక్ష్యం దగ్గర బెత్తెడు తేడా తెస్తుంది. అలాంటి రివాల్వర్ల ట్రిగ్గరు గట్టిగా, దూరంగా లాగవలసి ఉంటుంది, లాగేలోపు గురి చెదురుతుంది. అంటే ఆ బుల్లి ఆయుధం చేయి తిరిగినవాళ్ళ కోసం చేసినది. దాన్ని కొత్తవాళ్ళ చేతికి, అందునా ఆడవాళ్ళ చేతికి, 'తేలిక' అన్న ఒక్క మాటతో అంటగట్టడం అజ్ఞానమైనా కావాలి, వ్యాపారమైనా కావాలి.

మూడోది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది: "ముందు కొను, తరువాత నేర్చుకోవచ్చు." ఆ తరువాత రాదు. వారానికి రెండు బట్వాడాలు, పిల్లల ఈత తరగతులు, వీసా కాగితాలు. పిస్తోలు మంచం పక్క సొరుగులో ఉంటుంది. ఇంట్లో అది ఉన్నదన్న ధైర్యం మాత్రం పెరుగుతుంది. విద్య లేని ధైర్యం ఏమి చేస్తుందో ఆ తివాచీ మీద చూశాను.

మరి నీ మతం ఏమిటయ్యా అంటారా? నాది బడిపంతులు మతం. మొదటి తుపాకీ నేర్చుకోవడానికే కొనాలి. కాబట్టి అది పాయింట్ టూటూ కావాలి. పూర్తి పరిమాణంలో, కిలోకు కాస్త అటూఇటూ తూగే, పొడుగు గొట్టం ఉన్న, గురి బాగా కనబడే పిస్తోలు కావాలి. తన్ను దాదాపు లేదు కనుక ఉలుకు పట్టదు. చప్పుడు తక్కువ. అయినా చెవులకూ కళ్ళకూ రక్షణ తప్పదు. తూటా ఖరీదు నైన్ ఎం.ఎం.లో ఇంచుమించు మూడో వంతు, అంటే అదే డబ్బుకు మూడింతల అభ్యాసం. ఈ తూటా 1887 నుంచి ఉంది. నాలుగైదు తరాలు దానితోనే గురి దిద్దుకున్నాయి. మన ఎన్.సి.సి. పిల్లలూ అంతే. పలక మీద దిద్దినవాడు కాగితం పాడుచేయడు.

ఆక్షేపణలు వచ్చాయి. మా అబ్బాయి స్నేహితుడొకడు అడిగాడు: "అంకుల్, అర్ధరాత్రి దొంగ వస్తే పలక పట్టుకుని నిలబడమంటారా?" ప్రశ్న న్యాయమైనదే. పాయింట్ టూటూ ఆత్మరక్షణకు చాలదని నేనూ ఒప్పుకుంటాను. దాని మందు తూటా అడుగు అంచులో ఉంటుంది కనుక ఒక్కొక్కసారి పేలకపోవడమూ ఉంది. కాని నేను అన్నది మొదటి తుపాకీ గురించి, చివరిదాని గురించి కాదు. చిన్నదానితో పదిగజాల దూరంలో పది తూటాలూ అరచేతి వెడల్పులో పెట్టగలిగిన రోజున, పూర్తి పరిమాణపు నైన్ ఎం.ఎం. కొనుక్కో. అప్పటికి చెయ్యి సిద్ధమై ఉంటుంది. తగలని పెద్ద గుండు దొంగను ఆపదు. అమెరికా ఇళ్ళ లోపలి గోడలు చాలావరకు అట్టలాంటి పలకలు, ఆ గుండు గోడ దాటి పక్కగదిలో నిద్రపోతున్నవాళ్ళను వెదుక్కుంటుంది. ఇక పేలకపోవడమంటారా, అదీ ఒక పాఠమే. పేలలేదని వెంటనే మూతి తనవైపు తిప్పి చూడకూడదు. లక్ష్యంవైపే ఉంచి అర నిమిషం ఆగాలి. ఆగడం నేర్పే గురువు దొరకడం కష్టం.

రెండు కొనే స్తోమత లేకపోతే? ఒక్కటే కొంటానంటే, పూర్తి పరిమాణపు నైన్ ఎం.ఎం. ఎంచుకుని, దాన్ని ముట్టకముందు గురిశాలలో పాయింట్ టూటూ అద్దెకు తీసుకుని నెలల తరబడి దిద్దుకోవచ్చు. అద్దెకు ఇచ్చే గురిశాలలు అక్కడ కావలసినన్ని. ఏ రకం కొనాలన్నదీ అక్కడే తేలుతుంది. నాలుగైదు పేల్చి చూస్తే మన అరచేయి చెప్పినంత నిజం ఏ సలహాదారూ చెప్పడు.

చట్టం మాట కూడా చెప్పాలి, మనవాళ్ళలో చాలామంది దీన్ని పట్టించుకోవడం లేదు కనుక. లైసెన్సున్న దుకాణం చేతి తుపాకీ అమ్మాలంటే కొనేవాడికి 21 ఏళ్ళు నిండాలి. 4473 అనే పత్రం నింపాలి, పూర్వాపరాల తనిఖీ జరగాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాడు కొనవచ్చు. ఎఫ్-1, హెచ్-1బి వంటి వీసాల మీద ఉన్నవారికి తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా సాధారణంగా నిషిద్ధం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఆ మినహాయింపును సందుగా వాడుకుని, వేటంటే ఏమిటో తెలియని విద్యార్థులు తుపాకులు కొనడం చట్టానికి సరిపోవచ్చు, బుద్ధికి సరిపోదు. పత్రంలో అబద్ధం రాసినా, స్నేహితుడి పేర కొనిపించుకున్నా అది ఫెడరల్ నేరం. టెక్సాసులో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టరీత్యా అర్హులైన 21 ఏళ్ళు నిండినవాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకు తిరగవచ్చు. ప్రభుత్వం పరీక్ష ఎత్తేసింది కనుక చదవనక్కరలేదని మన బడిలో కూడా అనుకునేవాళ్ళుండేవారు. వాళ్ళ ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

చివరగా, అందరూ దాటవేసే మాట. తుపాకీ కొనేముందు ఇంట్లో ఎవరెవరున్నారో చూసుకోవాలి. 2023లో అమెరికాలో తుపాకీ వల్ల పోయినవారు 46 వేలకు పైగా. వారిలో 27 వేలకు పైగా ఆత్మహత్యలు. దొంగ కోసం కొన్నది ఇంటివాడి చేతికే అందుతున్నదన్నమాట. ఉద్యోగం పోయి దిగులుతో ఉన్నవాడున్న ఇంట్లో, మార్కులకు కుంగిపోయే పిల్లలున్న ఇంట్లో తుపాకీ ఉండరాదు. పసివాళ్ళున్న ఇంట్లో తాళం పెట్టె ముందు రావాలి, తుపాకీ తరువాత రావాలి. పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి పేలే స్థితిలో ఉన్న తుపాకీ అందేలా వదిలేయడం టెక్సాసు చట్టంలోనే నేరం. మా మనవడికి ఆరేళ్ళు. పెరుగన్నం డబ్బా ఎక్కడ దాచినా కనిపెడతాడు.

ఆ విందు రాత్రి ఇంటికి వచ్చాక మా అబ్బాయితో ఇదంతా అన్నాను. "నాన్నా, మీది ఇండియా భయం" అన్నాడు. అరగంట వాదించుకున్నాము. నడుమ మా ఆవిడ కల్పించుకోకపోతే ఇంకా పెరిగేది. చివరికి మా కోడలు ఒక్కమాట అంది: "ఆ తూటా ఉన్నప్పుడే తుపాకీ నావైపు తిరిగిందండీ." దానితో వాడు మాట్లాడలేదు.

మరుసటి శనివారం దుకాణానికి వెళ్ళలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక రిటైరైన సైనికురాలి దగ్గర ఆరు పాఠాలకు చేరారు. ఆవిడ మొదటిరోజు ఒక్క తూటా కూడా ఇవ్వలేదట. మా హవల్దారు గుర్తొచ్చి నవ్వుకున్నాను. నాలుగో పాఠానికి, బలం లేదన్న మా కోడలు పాయింట్ టూటూతో కొట్టిన కాగితం తెచ్చి చూపించింది. పది రంధ్రాలు, ఒక దోసిలిలో పట్టేటంత చోటులో. మా అబ్బాయివి ఆ కాగితమంతా ఉన్నాయి. మేము తిరిగి వచ్చేనాటికి ఇంకా ఏమీ కొనలేదు. కొనకపోతే నాకు సంతోషం. కొంటే మాత్రం తాళం పెట్టె ముందు కొంటానని మాట ఇచ్చాడు.

నా అభిప్రాయాలతో విభేదించేవారు నిస్సంకోచంగా రాయండి. తుపాకీ విద్యలో నాకన్నా అనుభవజ్ఞులు ఉంటారు, తప్పులుంటే దిద్దుకుంటాను. ఒక్క మనవి. మీ పిల్లలూ అక్కడే ఉంటే, ఈ వారం ఫోను చేసినప్పుడు "కొన్నావా, మానావా" అని అడగకండి. "ఎవరి దగ్గర నేర్చుకున్నావు? ఎక్కడ దాచావు? గొట్టంలో తూటా ఉందో లేదో ఎలా చూస్తావు?" అని అడగండి. జవాబు చెప్పడానికి తడుముకుంటే, అప్పుడు గట్టిగా మందలించండి. దానికి మనకింకా హక్కుంది.